గడ్డమా? గడ్డా?

డబుల్ చిన్ పోవాలి. దవడ గీత గీసినట్టు కనపడాలి. ఒంటి మీద కత్తి మాత్రం పడకూడదు! చలి, వేడి, శబ్దం, సూది... ఇందుకు ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. ఏ దారి ఎవరికి? అడుగు వేసేముందు ఏం చూసుకోవాలి?

తోటపల్లి గూడూరు మండలంలో ఓ ఊరు, ఆ ఊళ్లో ఓ ఇల్లు అనుకోండి. పెళ్లయిన నెలకి ఆల్బమ్ వచ్చింది. వరండాలో అందరూ చుట్టూ మూగారు. తలంబ్రాల ఫొటో, అప్పగింతల ఫొటో, కోడూరు బీచ్‌లో తీయించుకున్న ఫొటో... ఒక్కో పేజీ తిప్పుతుంటే అందరి మొహాల్లోనూ నవ్వులే. ఒక్క పెళ్లికూతురి అక్కకి తప్ప.

''ఏందక్కా, అట్లున్నావ్?''

''నా గడ్డం చూడు. ఒకటి కాదు, రెండున్నాయి. ఏ ఫొటో చూసినా అంతే!''

''ఊరుకోమ్మా. ఇద్దరు బిడ్డల తల్లివి. నిండుగా ఉంటేనే లక్ష్మీకళ'' అంది అమ్మ.

అక్కకి ఆ మాట రుచించలేదు. ఫోన్ తీసింది. ఇప్పటికి పదిసార్లు చూసిన ప్రకటన పదకొండోసారి కనిపించింది. 'కత్తి లేదు, కుట్లు లేవు. గంటలో వచ్చి వెళ్లండి. డబుల్ చిన్ మాయం!' కింద చెన్నై నంబరు. నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల దారి. పెళ్లి ఖర్చులు పోను చీటీ డబ్బులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. పోయి చేయించుకుంటే పోలా?

పోవచ్చు. తప్పేమీ లేదు. కాకపోతే ఆ డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక్క ప్రశ్నకి జవాబు తెలిసి ఉండాలి. గడ్డం కింద ఉన్నది అసలు ఏమిటి? ప్రకటనలో ఆ ప్రశ్న ఉండదు. కానీ చికిత్స ఫలించడం, ఫలించకపోవడం, కొన్నిసార్లు ప్రాణం మీదికి వచ్చే జబ్బు ముందే బయటపడటం అన్నీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

అప్పుడు అందం... ఇప్పుడు బెంగ

మన పాత కావ్యాల్లో నాయికని 'కంబుకంఠి' అని పొగిడేవారు. కంబువు అంటే శంఖం. శంఖం మీద ఉన్నట్టు మెడ మీద మూడు గీతలుంటే అది అందం, అదృష్టం కూడా. సావిత్రి నిండు మొహాన్ని చూసి మురిసిపోని తెలుగిల్లు ఉండేది కాదు. దవడ కత్తిలా ఉండాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికీ లేదు.

సెల్‌ఫోన్ వచ్చాక లెక్క మారిపోయింది. వెనకటికి మన మొహాన్ని మనం అద్దంలో ఎదురుగా చూసుకునేవాళ్లం. ఇప్పుడు ఫోన్‌ని ఒళ్లో పెట్టుకుని, తల వంచి వీడియో కాల్ మాట్లాడుతున్నాం. కెమెరా కింది నుంచి చూస్తుంది కాబట్టి సన్నటి మనిషికి కూడా గడ్డం కింద మడత కనిపిస్తుంది. కువైట్‌లో ఉన్న మొగుడితో రోజూ మాట్లాడే ఇల్లాలికి తన మొహం ఆ కోణంలోనే అలవాటైపోతుంది. కాబట్టి మొదటి పరీక్ష ఇదే. ఫోన్‌ని కంటికి సమానమైన ఎత్తులో, నాలుగడుగుల దూరంలో పెట్టి, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటోలు తీయించుకోండి. సగం మంది బెంగ అక్కడే తీరిపోవచ్చు.

తీరని వాళ్ల సంగతి చూద్దాం.

నాలుగింటిలో ఏది?

గడ్డం కింద నిండుగా కనిపించడానికి ప్రధానంగా నాలుగు కారణాలు.

కొవ్వు: చర్మానికీ, మెడ మీద పలచగా పరుచుకుని ఉండే 'ప్లాటిస్మా' అనే కండరానికీ మధ్య కొవ్వు పేరుకుంటుంది. కొందరిలో ఆ కండరం కింద కూడా ఉంటుంది. బరువు పెరిగితే ఇది పెరుగుతుంది. అయితే సన్నగా ఉన్నవారిలోనూ ఉండొచ్చు. అమ్మకీ, అమ్మమ్మకీ ఉంటే కూతురికీ వస్తుంది. అది వంశం ఇచ్చిన ఆస్తి!

చర్మం: వయసు పెరిగేకొద్దీ చర్మాన్ని బిగుతుగా ఉంచే కొల్లాజెన్ తగ్గుతుంది. ఎండ, పొగ తాగే అలవాటు దాన్ని ఇంకా తొందరచేస్తాయి. త్వరత్వరగా బరువు తగ్గినా చర్మం వదులై వేలాడుతుంది. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన బరువు తగ్గించే కొత్త సూదిమందులు వాడినవారిలో కొందరికి ఇదే ఎదురవుతోంది. కొవ్వు కరిగింది, సంచి మిగిలింది.

ఎముక: కింది దవడ చిన్నదై, గడ్డం వెనక్కి ఉంటే మెడకీ గడ్డానికీ మధ్య కోణం ఏర్పడదు. అక్కడ కొవ్వు లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది.

గ్రంథులు, గడ్డలు: లాలాజల గ్రంథులు కిందికి జారినా, వాచినా నిండుగా కనిపిస్తుంది. థైరాయిడ్ పెరిగితే గొంతు ముందు భాగం ఉబ్బుతుంది. లింఫ్ గ్రంథుల వాపులు కూడా ఉంటాయి.

చికిత్సలు ఎన్ని ఉన్నా ఒక్కోటీ ఈ నాలుగింటిలో ఒక్కదాని మీదే ప్రధానంగా పనిచేస్తుంది. కొవ్వుని కరిగించే సూది ఎముకని ముందుకి తేలేదు. చర్మాన్ని బిగించే యంత్రం పెద్ద కొవ్వు దిబ్బని తీసేయలేదు. థైరాయిడ్ వాపుకి ఈ రెండూ ఎందుకూ పనికిరావు. తాళం ఏదో చూడకుండా తాళంచెవి కొనడం లాంటిది ఇది.

అద్దం ముందు అయిదు నిమిషాలు

ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు.

* నేరుగా చూస్తూ గడ్డం కింద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకోండి. ఇప్పుడు కింది పళ్లు కనిపించేలా పెదవి కిందికి లాగి మెడ బిగించండి. అప్పుడూ వేళ్ల మధ్య మందంగానే ఉంటే కొవ్వు కండరానికి పైన ఉన్నట్టు. పట్టు జారిపోతే అది లోపలెక్కడో ఉన్నట్టు.

* వేళ్లకి పలచటి చర్మం మాత్రమే దొరికి, వదిలాక మెల్లగా వెనక్కి వెళితే సమస్య కొవ్వుది కాదు, వదులు చర్మానిది.

* పక్క నుంచి తీసిన ఫొటోలో కింది పెదవి అంచు నుంచి నిట్టనిలువుగా ఓ గీత ఊహించుకోండి. గడ్డం ఆ గీతకి బాగా వెనక ఉంటే ఎముక సంగతి చూడాలి.

* తల కాస్త వెనక్కి వాల్చి గుక్కెడు నీళ్లు మింగండి. గొంతు ముందున్న ఉబ్బు మింగుతున్నప్పుడు పైకీ కిందికీ కదిలితే థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి.

* దవడ అంచు కింద, మెడ పక్కల వేళ్లతో తడిమి చూడండి. గోలీకాయలా గట్టిగా ఏదైనా తగులుతోందా?

చివరి రెండింటిలో అనుమానం వస్తే అందం క్లినిక్‌కి కాదు, ఆసుపత్రికే వెళ్లాలి.

గడ్డం కాదు, గడ్డ అయితే...

గట్టి గడ్డ ఏదైనా రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాల్సిందే. పంటి చీము దగ్గర్నుంచి క్షయ దాకా దానికి కారణాలు ఉండొచ్చు. పొగాకు నమిలేవాళ్లు, చుట్ట కాల్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నోటి క్యాన్సర్ మొదట మెడలో గడ్డగా బయటపడే సందర్భాలున్నాయి. అలాంటి చోట కొవ్వు కరిగించే సూది వేయించుకుంటే విలువైన కాలం చేజారిపోతుంది.

థైరాయిడ్ హార్మోన్ తగ్గితే మొహం ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది, నీరసం, మలబద్ధకం, నెలసరి తేడాలు వస్తాయి. టీఎస్‌హెచ్ అనే చిన్న రక్తపరీక్షతో విషయం తేలిపోతుంది. చికిత్స రోజుకో మాత్ర.

ఇంకొకటి ఉంది. మోకాళ్ల నొప్పులకనీ, ఆయాసానికనీ తెలిసీ తెలియకుండా స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగేవారు మన ఊళ్లలో తక్కువేం కాదు. వారి మొహం చంద్రబింబంలా గుండ్రంగా అవుతుంది, గడ్డం కింద నిండుతుంది, మెడ వెనక కొవ్వు పేరుకుంటుంది. ఇలా అనుమానం వస్తే వాడుతున్న మాత్రల చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. అది ఇంకా ప్రమాదం.

మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటి, గట్టిగా గురక పెడుతూ, పగలు కూర్చున్న చోటే కునికిపాట్లు పడుతుంటే నిద్రలో ఊపిరి ఆగే 'స్లీప్ అప్నియా' ఉందేమో చూడాలి. మెడ మడతల్లో చర్మం నల్లగా, మఖమల్ గుడ్డలా మందంగా ఉంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి. రుద్దితే పోయే మురికి కాదది. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని శరీరం చెప్పే కబురు.

ఇవేవీ లేవని తేలాక, ఉన్నది ఒట్టి కొవ్వో వదులు చర్మమో అయితే అప్పుడు కత్తి లేని దారుల్లోకి వెళదాం.

పుల్ల ఐసు నేర్పిన పాఠం

పుల్ల ఐసు ఎక్కువగా చప్పరించే పిల్లలకి బుగ్గ మీద సొట్ట పడటాన్ని డాక్టర్లు ఏనాడో గమనించారు. 1970లో ఓ ప్రముఖ వైద్య పత్రిక దీన్ని ప్రచురించింది కూడా. చలికి చర్మానికి ఏమీ కాలేదు, లోపలి కొవ్వు మాత్రం దెబ్బతింది. కొవ్వు కణాలు చలికి త్వరగా గడ్డకడతాయి మరి. శీతాకాలంలో నెయ్యి పేరుకుంటుంది, పక్కనే ఉన్న నీళ్లు మామూలుగానే ఉంటాయి కదా. అలాగే!

ఈ కిటుకు మీదే అమెరికాలోని బోస్టన్‌లో, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు డీటర్ మాన్‌స్టైన్, రాక్స్ ఆండర్సన్ పరిశోధన చేశారు. 'క్రయోలిపోలిసిస్' అలా పుట్టింది. 'కూల్‌స్కల్ప్టింగ్' దాని వ్యాపార నామం. నడుము పక్కల కొవ్వుకి 2010లో, గడ్డం కింద కొవ్వుకి 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది. చిన్న గిన్నెలాంటి పరికరం గడ్డం కింద కొవ్వుని లోపలికి పీల్చుకుని ముప్పావుగంట నుంచి గంటపాటు చల్లబరుస్తుంది. చచ్చిన కణాలను శరీరమే మెల్లగా ఊడ్చేస్తుంది. తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పెట్టిన చోట కొవ్వు పొర సుమారు నాలుగో వంతు పలచబడుతుంది. అంటే మిగతా మూడొంతులు అక్కడే ఉంటుంది. 'మాయం' అన్న మాట ఎంత నిజమో మీరే లెక్కేసుకోండి.

ఎర్రబడటం, తిమ్మిరి, కొద్దిరోజుల వాపు మామూలే. చలి తగిలితే దద్దుర్లు వచ్చేవారు, చలికి రక్తంలో తేడాలొచ్చే కొన్ని అరుదైన జబ్బులున్నవారు దీని జోలికి వెళ్లకూడదు.

పైత్యరసం సూది

మనం తిన్న నెయ్యీ నూనే అరగడానికి పైత్యరసం కావాలి. అందులో ఉండే 'డీఆక్సికోలిక్ ఆమ్లం' కొవ్వుని విడగొడుతుంది. దాన్నే ప్రయోగశాలలో తయారుచేసి సూదిమందుగా మార్చారు. 'కైబెల్లా' పేరుతో 2015 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అనుమతి గడ్డం కింద కొవ్వుకి మాత్రమే. చేతులకీ పొట్టకీ కాదు.

ఇందులో పని ఎలా జరుగుతుందో వింటే 'ఒక్క సూది' అనే భ్రమ తొలగిపోతుంది. సెంటీమీటరు ఎడంలో చుక్కలు పెట్టి, చుక్కకో పోటు చొప్పున ఒక్క సిట్టింగులో 50 పోట్ల దాకా వేస్తారు. నెల ఆగి మళ్లీ. ఇలా గరిష్ఠంగా ఆరుసార్లు. వేసిన మొదటి రోజుల్లో గడ్డం కింద బెకబెకమనే కప్ప గొంతులా ఉబ్బుతుంది. నొప్పి, కమిలిన మచ్చలు, తిమ్మిరి, గట్టిదనం ఉంటాయి. వారం పది రోజులకి సర్దుకుంటుంది, తిమ్మిరి వారాల తరబడి ఉండొచ్చు.

అసలు జాగ్రత్త వేరే ఉంది. దవడ అంచు వెంట వెళ్లే సన్నటి నరం ఒకటి మన కింది పెదవిని కదిలిస్తుంది. మందు దానికి తగిలితే నవ్వు వంకరవుతుంది. అనుమతికి ముందు జరిగిన పరీక్షల్లో నూటికి నలుగురికి ఇలా అయింది. ఇద్దరికి మింగడం కష్టమైంది. అందరికీ తర్వాత తగ్గింది, కానీ కొందరికి నెలలు పట్టింది. నరం ఎక్కడుందో తెలిసిన చేయి వేయాల్సిన సూది ఇది.

ఆన్‌లైన్‌లో 'ఫ్యాట్ డిజాల్వింగ్' పేరుతో సీసాలు దొరుకుతున్నాయి. అనుమతి లేని అలాంటి సూదిమందులు వాడొద్దని 2023 డిసెంబరులో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. శాశ్వత మచ్చలు, ఇన్‌ఫెక్షన్లు, చర్మం కింద ముడులు వచ్చాయన్న ఫిర్యాదులు ఆ సంస్థకి చేరాయి. బ్యూటీపార్లర్లో ఎవరైనా సిరంజి తీస్తే లేచి వచ్చేయండి.

శబ్దం... వేడి

కొవ్వు తక్కువ, చర్మం వదులు. ఇలాంటివారికి ఈ దారి. గర్భిణికి స్కానింగ్‌లో వాడే అల్ట్రాసౌండ్ లాంటిదే, కానీ భూతద్దంతో ఎండని ఒక్క చోటికి చేర్చినట్టు తరంగాలను చర్మం లోపల ఒక్కో బిందువు మీద కేంద్రీకరిస్తారు. నాలుగున్నర మిల్లీమీటర్ల లోతున 60 డిగ్రీలకి పైగా వేడి పుడుతుంది. ఆ చిన్న చిన్న దెబ్బలను మాన్పుకునే క్రమంలో శరీరం కొత్త కొల్లాజెన్ తయారుచేస్తుంది. చర్మం బిగుస్తుంది. మెడ, గడ్డం కింది భాగానికి 2012లో ఎఫ్‌డీఏ అనుమతించింది. మన క్లినిక్‌లలో 'హైఫు' అనే పేరు వినిపిస్తుంది. రేడియో ఫ్రీక్వెన్సీ కూడా వేడితోనే చర్మాన్ని బిగించేది. పేస్‌మేకర్ ఉన్నవారికి అది పనికిరాదు.

ఇక్కడా తొందర పనికిరాదు. ఫలితం రెండు మూడు నెలలకి కనిపిస్తుంది, అదీ మితంగా. శాశ్వతం కాదు, మళ్లీ చేయించుకోవాలి. చర్మం బాగా వేలాడే పెద్దవాళ్లకి దీంతో పెద్దగా ఒరిగేది ఉండదు. చేయి తిరగనివాళ్లు చేస్తే కాలిన మచ్చలు, నరాలకి దెబ్బ తప్పవు.

బొటాక్స్, ఫిల్లర్లు: దవడ వెడల్పు నమిలే కండరం వల్ల వచ్చినదైతే బొటాక్స్‌తో దాన్ని సన్నబరుస్తారు. మెడ మీద తాళ్లలా తేలే పట్టీలకి బొటాక్స్ వాడటాన్ని 2024 అక్టోబరులో ఎఫ్‌డీఏ అనుమతించింది. మూడు నాలుగు నెలలకి ప్రభావం తగ్గిపోతుంది. గడ్డం ఎముక చిన్నదైతే ఫిల్లర్ జెల్‌తో ముందుకి తెస్తారు. గడ్డం కాస్త ముందుకి రాగానే కింది నిండుదనం తగ్గినట్టు కనిపిస్తుంది. అయితే జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. దాన్ని వెంటనే కరిగించే విరుగుడు మందు డాక్టరు దగ్గర సిద్ధంగా ఉందో లేదో అడగాలి.

అందగత్తెలకే ఇలా అయితే...

'నువ్వు నాకు నచ్చావ్'తో 2001లో తెలుగువారి ఇంటి అమ్మాయిగా మారిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయారు. అప్పటికి ఆమె వయసు 31. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీసే లైపోసక్షన్ చేయించుకున్నారని, ఆ తర్వాత ఊపిరి ఇబ్బందితో బాధపడ్డారని అప్పట్లో వార్తలొచ్చాయి. 2022 మే నెలలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ 21 ఏళ్లకే కొవ్వు తొలగింపు శస్త్రచికిత్స అనంతరం ప్రాణం పోగొట్టుకున్నారు. ఇలాంటి కబుర్లు విన్నాకే చాలామంది 'కత్తి వద్దు బాబోయ్' అని వేరే దారులు వెతుకుతున్నారు.

ఆ భయం సహజమే. కానీ కత్తి లేనంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. కెనడాకి చెందిన ప్రపంచ ప్రఖ్యాత మోడల్ లిండా ఎవాంజెలిస్టా 2015, 2016ల్లో గడ్డంతో సహా కొన్ని చోట్ల కొవ్వు గడ్డకట్టించే చికిత్స చేయించుకున్నారు. తగ్గాల్సిన చోట కొవ్వు గట్టిపడి ఇంకా పెరిగింది! అరుదుగా ఎదురయ్యే దుష్ప్రభావం అది. అలా పెరిగిన కొవ్వు దానంతటది పోదు, ఆపరేషన్‌తో తీయాల్సిందే. కత్తికి భయపడి వెళ్లి కత్తి దగ్గరికే చేరడం అంటే ఇదే. ఏళ్లపాటు ఇల్లు కదలని ఆమె 2021లో ఈ సంగతి బయటపెట్టారు. దావా వేశారు. 2022లో రాజీ కుదిరింది.

నూటికో వెయ్యికో ఒకరికి అయ్యేదాన్ని చూపించి అందరినీ భయపెట్టడం ఉద్దేశం కాదు. ఆ ఒక్కరూ మనమే అయితే ఏం చేస్తారో క్లినిక్‌ని ముందే అడిగి ఉంచుకోవాలని.

బెల్టులు, బంతులు, బూరలు

పైసా ఖర్చు లేని మార్గాలు చాలామంది చెబుతుంటారు. గడ్డానికి బెల్టు కట్టుకోమని ఒకరు, బూరలు ఊదమని ఇంకొకరు, రబ్బరు బంతి కొరకమని మరొకరు. బెల్టు కట్టినంతసేపే పనిచేస్తుంది. రబ్బరు బంతి అదేపనిగా కొరికితే చెవి పక్కనున్న దవడ కీలు నొప్పెడుతుంది, నమిలే కండరం పెరిగి మొహం ఇంకా వెడల్పవుతుంది.

మరి మొహానికి వ్యాయామాలు? అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 2018లో ఓ చిన్న అధ్యయనం ప్రచురించింది. 40 నుంచి 65 ఏళ్ల మహిళలతో 20 వారాలు వ్యాయామాలు చేయించారు. 27 మంది మొదలుపెడితే చివరిదాకా చేసింది 16 మందే. వారి బుగ్గలు కాస్త నిండాయి. మెడలో, దవడ గీతలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. శరీరంలో ఒక్కచోట కొవ్వుని వ్యాయామంతో కరిగించడం కుదరదు మరి. మొత్తం బరువు తగ్గితే గడ్డం కిందా తగ్గుతుంది. మన దేశస్తులకి బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా లెక్కిస్తారు. అది దాటినవారు ముందు బరువు తగ్గించుకుని, అప్పటికీ మిగిలితేనే క్లినిక్ గురించి ఆలోచించడం లాభం. సగం డబ్బూ మిగులుతుంది, మంచి ఫలితమూ వస్తుంది.

చెన్నై రైలెక్కే ముందు

నెల్లూరు జిల్లావాళ్లకి పెద్ద వైద్యమంటే చెన్నై అలవాటు. కానీ ఈ చికిత్సలకి ఒక చిక్కుంది. పని గంటలో అయిపోతుంది, ఇబ్బంది వస్తే మూడో రోజో మూడో వారమో వస్తుంది. అప్పుడు మీరు తోటపల్లి గూడూరులో ఉంటారు, డాక్టరు అక్కడ ఉంటారు. ఆరు సిట్టింగులంటే ఆరు ప్రయాణాలు, ఆరు రోజుల పని నష్టం, పిల్లల్ని చూసుకునే మనిషి. ఇవన్నీ ప్రకటనలో ఉండవు. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, ఏదైనా వైద్య కళాశాల ఆసుపత్రిలోనో చర్మవ్యాధుల ఓపీలో ముందు చూపించుకుంటే గడ్డం కింద ఉన్నదేమిటో తేలుతుంది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో మీ ఇష్టం.

వెళ్లాక ఈ ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి.

* చేసేది ఎవరు? చర్మవైద్యంలో ఎండీనా, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్‌నా? మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? కాస్మటాలజీలో చిన్న సర్టిఫికెట్ కోర్సు ఈ డిగ్రీలకి సమానం కాదు.

* నాకున్నది కొవ్వా, చర్మమా, ఎముకా? తాకి చూడకుండానే ప్యాకేజీ చెబితే నమ్మకండి.

* మందు పేరేమిటి, యంత్రం పేరేమిటి, అనుమతి ఉందా? సీసాని మీ ముందే తెరవమనండి.

* మొత్తం ఎన్ని సిట్టింగులు? జీఎస్టీతో కలిపి మొత్తం ఎంత? ఒక్క సిట్టింగు ధర విని సంబరపడకండి. అందం కోసం చేయించుకునే చికిత్సకి ప్రభుత్వ ఆరోగ్య పథకమూ, ప్రైవేటు బీమా కూడా డబ్బివ్వవు.

* ఇబ్బంది వస్తే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి? ఆ చికిత్స ఖర్చెవరిది?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. పెళ్లి ఉందని చేయించుకునేవారు ముహూర్తానికి కనీసం నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టాలి. మాఘమాసంలో పెళ్లయితే వినాయక చవితి నాటికే అన్నమాట. వారం ముందు సూదులు వేయించుకుంటే ఫొటోల్లో పడేది కప్ప గొంతే!

మళ్లీ ఆ వరండాలోకి వెళదాం. అక్క చేయాల్సిన మొదటి పని చెన్నైకి ఫోన్ చేయడం కాదు, టీఎస్‌హెచ్ పరీక్షకి రక్తం ఇవ్వడం. తేడా ఉంటే రోజుకో మాత్రతో మొహం వాపు తగ్గొచ్చు, నీరసమూ పోతుంది. లేదంటే ఆర్నెల్లు నడక, తిండిలో కాస్త పొదుపు. అప్పటికీ ఆ కొవ్వు బెట్టు చేస్తే చీటీ డబ్బులు ఎక్కడికీ పోవు, ప్రశ్నల చీటీ పట్టుకుని నిశ్చింతగా వెళ్లొచ్చు. అమ్మ చెప్పినట్టు నిండుగానే బాగున్నానని అనిపిస్తే, అదీ మంచిదే.

ఈలోగా తమ్ముడి పెళ్లి వచ్చేస్తే? ఫొటోగ్రాఫర్‌ని పక్కకి పిలిచి ఒక్క మాట చెబితే చాలు... ''నాయనా, కెమెరా కాస్త పైకెత్తి తియ్యి!''